సెప్టెంబర్ 5 ఉపన్యాసంలో లేని రాధాకృష్ణన్

ప్రతి సంవత్సరం సెప్టెంబర్ 5న మన బడిలో ఒక ఉపన్యాసం ఉంటుంది. మాట్లాడే పిల్లలు మారతారు గానీ ఉపన్యాసం మారదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు, డబ్బులేని కుటుంబం, స్కాలర్‌షిప్పులతో చదివారు, ప్రొఫెసర్ అయ్యారు, వైస్ చాన్సలర్ అయ్యారు, ఉపరాష్ట్రపతి అయ్యారు, 1954లో భారతరత్న వచ్చింది, 1962లో రాష్ట్రపతి అయ్యారు. పుట్టినరోజు చేస్తామని శిష్యులు వస్తే, దాన్ని ఉపాధ్యాయ దినంగా జరపమన్నారు. చప్పట్లు.

పోయిన సంవత్సరం ఆ ఉపన్యాసం నేనే చెప్పాను. రెండు పేజీలు తప్పులేకుండా అప్పజెప్పాను. కిందికి దిగాక మా తెలుగు సార్ పిలిచి, "బాగా చెప్పావమ్మా. ఐతే ఆయన గొప్ప తత్వవేత్త అని ఐదుసార్లు అన్నావు. ఏం ఆలోచించి తత్వవేత్త అయ్యారో ఒక్కసారి కూడా చెప్పలేదే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నాకు ఆ ఉపన్యాసం ఇచ్చిన అక్క దగ్గర కూడా అది లేదు. ఆమెకు ఇచ్చిన వాళ్ళ దగ్గర కూడా ఉండి ఉండదు.

అందుకే ఈసారి నేను ఉపన్యాసం రాయడం లేదు. ఆ ఉపన్యాసాన్నే విమర్శిస్తున్నాను. రాధాకృష్ణన్ గారు తన గురించి తాను రాసుకున్న వ్యాసాలు రెండు ఉన్నాయి. ఒకటి 1937లో, ఇంకొకటి 1952లో అచ్చయ్యాయి. రెండూ ఇంగ్లీషులోనే. సార్ పక్కన కూర్చుని, డిక్షనరీ పెట్టుకుని, అర్థమైనంత వరకు చదివాను. ఆయన చెప్పుకున్న జీవితానికీ, మనం చెప్పే జీవితానికీ చాలా తేడా ఉంది. మనం చెప్పేది మెట్లెక్కిన కథ. ఆయన చెప్పేది ఒక ప్రశ్న తగిలి నిద్రపట్టని పిల్లవాడి కథ.

మొదట ఊరి సంగతి. తిరుత్తణి అనగానే మనకు కొండమీద సుబ్రహ్మణ్యస్వామి, ఆడికృత్తికకు కావళ్ళు గుర్తొస్తాయి. ఆయన మొదటి ఎనిమిదేళ్ళు అక్కడే గడిచాయి. ఇంట్లో తెలుగు. ఇంటిపేరు నెల్లూరు వైపున్న సర్వేపల్లి అనే ఊరి నుంచి వచ్చింది. ఆయన పుట్టినప్పుడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆ జిల్లాతో పాటు అటు పోయింది. 1960 ఏప్రిల్ 1న మళ్ళీ మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంటే ఆయన ఉపరాష్ట్రపతిగా ఢిల్లీలో ఉండగా పుట్టిన ఊరు రాష్ట్రం మారిపోయింది. ఊరు కదలకుండానే ఇంట్లో మాట్లాడే భాష 'మైనారిటీ' భాష కావడం అంటే ఏమిటో మన బడిలో ఎవరికీ వివరించక్కర్లేదు. మన ఉపన్యాసంలో "తిరుత్తణిలో పుట్టారు" అని రెండు మాటల్లో దాటేస్తాం. మనలాంటి బడిలో అక్కడ ఒక్క నిమిషమైనా ఆగాలి కదా అని నాకు అనిపిస్తుంది.

తర్వాత చదువు. ఇక్కడే అసలు విషయం ఉంది. 1896 నుంచి 1900 వరకు తిరుపతిలో లూథరన్ మిషన్ హైస్కూలు. 1904 వరకు వేలూరు వూర్హీస్ కాలేజీ. 1908 వరకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. మొత్తం పన్నెండేళ్ళు క్రైస్తవ మిషనరీ విద్యాసంస్థల్లో చదివారు. ఇంట్లో పూజలు, ఊళ్ళో కొండ, తిరుపతిలో ఇంకో కొండ. తరగతిలో మాత్రం ఆ పూజల మీద, ఆ నమ్మకాల మీద విమర్శ. ఆ విమర్శ తన నమ్మకాన్ని కదిలించిందని, చిన్నప్పటినుంచి ఆనుకుని నిలబడ్డ ఊతకర్రలు ఊగిపోయాయన్నట్టు ఆయనే రాసుకున్నారు. వివేకానందుడి మాటలు తనకు గర్వం కలిగించాయనీ, మిషనరీ సంస్థల్లో హిందూమతాన్ని చూసిన తీరు గాయపరిచిందనీ కూడా చెప్పుకున్నారు.

ఇలాంటి చోట పిల్లలు మామూలుగా రెండు పనులు చేస్తారు. ఒకటి, మాస్టారు చెప్పిందే నిజమని ఇంట్లోవాళ్ళను తక్కువగా చూడడం. రెండోది, చెవులు మూసుకుని మాస్టారిని లోపల్లోపల తిట్టుకోవడం. ఆయన మూడో పని చేశారు. మాస్టార్ల విమర్శలో నిజమెంతో చూద్దామని తన మతం పుస్తకాలను తానే చదవడం మొదలుపెట్టారు. అందులో ఏది బతికి ఉంది, ఏది చచ్చిపోయింది అని తేల్చుకోవాలనుకున్నారు. నా ఉద్దేశంలో ఆయన తత్వవేత్త అయింది ఆ రోజునే. ప్రొఫెసర్ పదవి వచ్చింది చాలా తర్వాత.

తత్వశాస్త్రం ఆయన కోరి తీసుకున్న సబ్జెక్టు కూడా కాదు. మన ఉపన్యాసంలో "చిన్నతనం నుంచే తత్వశాస్త్రంపై మక్కువ" అని ఒక వాక్యం ఉంటుంది. అది తప్పు. డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలో తేలక ఉన్నప్పుడు, అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన ఒక బంధువు తన పాత పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. తర్కం, మనస్తత్వశాస్త్రం, నీతిశాస్త్రం. కొత్త పుస్తకాలు కొనక్కర్లేదు. అందుకని తత్వశాస్త్రం! పైకి ఇది యాదృచ్ఛికంలా కనిపిస్తుంది గానీ దీని వెనక కంటికి కనిపించనిది ఏదో ఉందని ఆయన పెద్దయ్యాక రాసుకున్నారు. ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. పాత పుస్తకాలు ఎంతోమందికి వస్తాయి. నా దగ్గరే మా పెద్దమ్మ కొడుకు ఇచ్చిన ప్లస్ వన్ కామర్స్ పుస్తకాలు ఒక సంచీ నిండా ఉన్నాయి. "పుస్తకాలున్నాయిగా, అదే గ్రూపు తీసుకో" అని ఇంట్లో అంటున్నారు. పుస్తకాలు దొరకడం అదృష్టమే కావచ్చు. కానీ ఆయన విషయంలో, ఆ పుస్తకాలు తెరిచేనాటికే లోపల ఒక ప్రశ్న సిద్ధంగా ఉంది. ప్రశ్న లేకుండా పుస్తకాలు మాత్రమే ఉంటే ఆయన కూడా పాసై ఊరుకునేవారేమో.

ఆ ప్రశ్న ఏమిటో ఇప్పుడు చెప్పాలి. వేదాంతం మీద మిషనరీలు చేసిన ఆరోపణ ఇది. లోకమంతా మాయ అంటారు, ప్రతి ఆత్మా బ్రహ్మమే అంటారు. అలాంటప్పుడు మంచికీ చెడుకీ తేడా ఏముంది? నీతికి చోటెక్కడ? నాకు అర్థమైనట్టు చెప్తాను. కలలో ఎవరిదో సైకిల్ దొంగిలిస్తే లేచాక ఎవరూ మనల్ని పట్టుకోరు. లోకమే కల ఐతే దొంగతనం ఎందుకు తప్పు? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. చదువుతుంటే నాకు కూడా "అవును కదా" అనిపించింది.

1908లో, ఇరవయ్యేళ్ళ వయసులో, ఎం.ఏ. కోసం రాధాకృష్ణన్ గారు రాసిన సిద్ధాంత వ్యాసం ఈ ఆరోపణకు జవాబు. వేదాంతంలోని నీతి, దాని వెనకున్న తాత్విక ఆధారాలు అన్నదే దాని విషయం. తర్వాతి పుస్తకాల్లో కూడా ఆయన ఈ దారినే పట్టుకున్నారు. మాయ అంటే లోకం ఉత్త అబద్ధం అని కాదు, తనంతట తాను నిలబడలేనిది, ఇంకొకదాని మీద ఆధారపడింది అని. లోకం కల కాదు కాబట్టి అందులో చేసే పనికి విలువ ఉంటుంది. మనసు శుద్ధి కాకుండా ఎవరూ ఆ పై సత్యాన్ని చేరలేరు కాబట్టి నీతి దాటిపోయే మెట్టే కావచ్చు గానీ, ఎక్కకుండా దాటలేని మెట్టు.

ఇప్పుడు ఆ పరీక్ష ఎవరు చూస్తారో ఆలోచించండి. ఆయన తత్వశాస్త్రం ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ. కర్మ సిద్ధాంతాన్ని క్రైస్తవంతో పోల్చి తానూ రచనలు చేసినవాడు. అంటే కుర్రవాడు ఎదురు నిలిచింది ఎక్కడో ఉన్న శత్రువుకు కాదు, తనకు మార్కులు వేసే మాస్టారి పక్షానికి. ఈ వ్యాసం చదివి హాగ్ గారికి కోపం వస్తుందేమోనని రాధాకృష్ణన్ గారు భయపడ్డారట. కోపం రాలేదు. చాలా మంచి పని చేశాడని ఆయన మెచ్చుకున్నారు. ఆ వ్యాసం అచ్చు కూడా అయింది.

నాకు ఈ ఘట్టం దగ్గర చాలాసేపు పుస్తకం మూసి కూర్చోవాలనిపించింది. ఉపాధ్యాయ దినం రోజు చెప్పుకోవాల్సిన కథ ఇదే కదా? తన నమ్మకానికి ఎదురు రాసిన శిష్యుడికి న్యాయంగా మార్కులు వేసిన గురువు కథ. భయపడుతూనే, మర్యాద తప్పకుండా, ఎదురు రాసిన శిష్యుడి కథ. మన ఉపన్యాసాల్లో ఇంతవరకు హాగ్ గారి పేరు నేను వినలేదు. గురువు అంటే దండం పెట్టించుకునేవాడు, శిష్యుడు అంటే దండం పెట్టేవాడు అని మాత్రమే వింటున్నాం.

ఉద్యోగ జీవితాన్ని త్వరగా చెప్తాను, ఎందుకంటే ఇది అందరికీ తెలిసిందే. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. కొద్దికాలం రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠం చెప్పారు. 1918లో మైసూరు మహారాజా కాలేజీకి వెళ్ళారు. ఆ ఏడాదే రవీంద్రనాథ్ టాగోర్ తత్వం మీద పుస్తకం తెచ్చారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలో అయిదో జార్జి పేరుమీద ఉన్న ఆచార్య పీఠం వచ్చింది. మైసూరు వదిలి వెళ్ళే రోజు పిల్లలు బండికి గుర్రాలు విప్పేసి తామే రైల్వేస్టేషన్ దాకా లాక్కుంటూ వెళ్ళారు. ఇది మన ఉపన్యాసంలో ఉంది, ఉండాల్సిందే. 1923లో 'ఇండియన్ ఫిలాసఫీ' మొదటి సంపుటం, 1927లో రెండోది లండన్‌లో అచ్చయ్యాయి. 1926లో ఆక్స్‌ఫర్డ్ మాంచెస్టర్ కాలేజీలో ఉపన్యాసాలు, అవే 'ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్' పుస్తకం. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ప్రొఫెసర్. 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్.

ఈ జాబితా చూస్తే మెట్లే కనిపిస్తాయి. పుస్తకాల వైపు చూస్తే మాత్రం ఒకటే పని కనిపిస్తుంది. మద్రాసులో ఒక మాస్టారికి చెప్పిన జవాబునే తర్వాత లండన్‌కూ ఆక్స్‌ఫర్డ్‌కూ చెప్పారు. తత్వశాస్త్రం అంటే గ్రీసులో మొదలై యూరప్‌లో పెరిగిందే అనుకునే రోజుల్లో, మా దగ్గరా తర్కం ఉంది, వాదం ఉంది, ఆరు దర్శనాలున్నాయి, బౌద్ధ జైనాలున్నాయి అని వాళ్ళ భాషలో వాళ్ళ పద్ధతిలో రెండు లావు సంపుటాలు రాసి చూపించారు. ఇది చిన్న పని కాదు.

ఐతే విమర్శ అన్నాక మెచ్చుకోలుతో ఆపకూడదు. నాకు రెండు అభ్యంతరాలున్నాయి.

మొదటిది. జవాబు చెప్పేవాడికి ఒక ఇబ్బంది ఉంటుంది. ఇంటిమీద ఎవరైనా మాట అంటే మనం వెంటనే ఇంటి తరఫున మాట్లాడతాం, ఇంట్లో గోడ నిజంగానే బీటవారి ఉన్నా సరే. రాధాకృష్ణన్ గారు కూడా కొన్నిచోట్ల న్యాయమూర్తిలా కాకుండా వకీలులా మాట్లాడారనిపిస్తుంది. 'ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్'లో కులం గురించి చెప్పేటప్పుడు, రకరకాల జాతులవాళ్ళు కొట్టుకోకుండా ఒకచోట సర్దుకుని బతకడానికి అప్పట్లో పుట్టిన ఏర్పాటుగా దాన్ని వివరించారు. ఇప్పటి రూపంలో దానికున్న చెడును ఆయన ఒప్పుకున్నారు, అది దాచకూడదు. కానీ ఆ సర్దుబాటులో అడుగున పడ్డవాళ్ళకు అది ఎలా ఉండిందో వాళ్ళ వైపు నుంచి చూసినట్టు నాకు కనబడలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చున్న శ్రోతలకు జవాబు చెప్పాలన్న తొందరలో, ఇంట్లోనే ఉన్న ఇంకో ప్రశ్నకు చోటు తగ్గింది. ఏది బతికి ఉంది, ఏది చచ్చిపోయింది అని తేల్చుకోవాలనుకున్న కుర్రవాడు ఇక్కడ కొంచెం మెత్తబడ్డాడని నా అభిప్రాయం.

రెండోది చెప్పడానికి నాకు భయంగానే ఉంది, ఐనా చెప్తాను. 1929 జనవరిలో కలకత్తాలోని 'మోడరన్ రివ్యూ' పత్రికలో జదునాథ్ సిన్హా అనే పండితుడు ఒక ఆరోపణ చేశారు. తాను విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలోని భాగాలను 'ఇండియన్ ఫిలాసఫీ' రెండో సంపుటంలో తన పేరు చెప్పకుండా వాడుకున్నారని. ఇద్దరం అవే సంస్కృత గ్రంథాలను అనువదించాం కాబట్టి పోలికలు తప్పవని, తన పుస్తకం 1924 నాటికే సిద్ధమైందని రాధాకృష్ణన్ గారు జవాబిచ్చారు. ఇద్దరూ కలకత్తా హైకోర్టులో దావాలు వేసుకున్నారు. 1933లో కోర్టు బయట రాజీ అయింది. తీర్పు రాలేదు కాబట్టి ఎవరిది తప్పో నేను చెప్పను, చెప్పే అర్హత కూడా నాకు లేదు.

మరి ఎందుకు రాశాను? ఇది దాచిపెట్టి చెప్పే జీవిత కథ పిల్లలకు మంచిది కాదనిపించి. మద్రాసులో శిష్యుడు ఎదురు రాస్తే గురువు మెచ్చుకున్నాడు. కలకత్తాలో తనకంటే చిన్న పండితుడు ఎదురు నిలిస్తే విషయం కోర్టు దాకా పోయింది. రెండు ఘట్టాలూ ఒకే జీవితంలోవి. మొదటిదాంట్లో ఆయన కుర్చీకి ఇవతల ఉన్నారు, రెండోదాంట్లో అవతల ఉన్నారు. ఎదురు చెప్పడం ఎంత కష్టమో, ఎదురు మాట వినడం అంతకంటే ఎంత కష్టమో ఈ రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. దేవుడి పటంలా గోడకు తగిలించిన రాధాకృష్ణన్ గారి నుంచి ఈ పాఠం రాదు. మనిషిగా చూస్తేనే వస్తుంది. ఈ మాట వల్ల ఆయన తగ్గిపోతారని నేను అనుకోను. 'ఇండియన్ ఫిలాసఫీ' విలువ ఉపన్యాసాల్లో చప్పట్ల మీద ఆధారపడి లేదు.

ఇంకొక్క మాట, ఇది అభ్యంతరం కాదు, చిన్న బాధ. ఆయనకు పేరు తెచ్చిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ప్రశ్న ఇంగ్లీషులో వచ్చింది కాబట్టి జవాబు ఇంగ్లీషులో ఇచ్చారు, అర్థం చేసుకోగలను. కానీ తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టినాయన ఏమన్నారో తెలుసుకోవడానికి, తెలుగు మీడియం పదో తరగతి పిల్లనైన నేను డిక్షనరీ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. పదో తరగతి తర్వాత నాకు కూడా చదువంతా ఇంగ్లీషులోనే. అప్పుడు నా ప్రశ్నలు ఏ భాషలో వస్తాయో, జవాబులు ఎవరికి చెప్తానో అని ఆలోచన వచ్చింది. ఆయన తన మాస్టార్లకు చెప్పారు. నేను మా నాయనమ్మకు కూడా చెప్పగలిగితే బాగుంటుంది.

చివరగా, మన బడికి ఒక మనవి. వచ్చే సెప్టెంబర్ 5న మెట్ల జాబితాను ఒక్క నిమిషంలో ముగించి, మిగతా సమయంలో హాగ్ గారి కథ చెప్దాం. తర్వాత ఏ తరగతి పిల్లలైనా సరే, పాఠంలో తమకు ఒప్పుకోబుద్ధి కాని ఒక విషయాన్ని కారణాలతో సహా మర్యాదగా చెప్పే అవకాశం ఇవ్వమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. కారణం సరిగా లేకపోతే దిద్దండి. సరిగా ఉంటే మెచ్చుకోండి. ఆ రోజుకు అంతకంటే మంచి కానుక ఉండదు.

ఇక మా పెద్దమ్మ కొడుకు ఇచ్చిన పుస్తకాల సంగతి. వాటికి అట్టలు వేసి పెట్టాను. గ్రూపు ఇంకా తేల్చుకోలేదు. ముందు నా ప్రశ్న ఏమిటో చూసుకుని, తర్వాత ఆ సంచీ తెరుస్తాను.